ఎలుగుబంటి ఆకలి – రైతు క్షేమము

ఉప్పల్, నాచారం వంటి బస్తీలలో ఇంటి గుమ్మమునకు చెద పట్టినచో వెంటనే మందు కొట్టింతురు. చేనిలో పట్టినచో రైతు దిగులుపడును. ఆ చెదపురుగులనే ముఖ్యాహారముగా తిని బ్రతుకు పెద్ద జంతువు మన అడవులలో కలదు. అదియే ఎలుగుబంటి.

దాని నోరు ఈ పనికే అమరినది. పైదవడ ముందుపళ్ళలో నడిమి రెండు ఉండవు. పొడవాటి గోళ్ళతో పుట్టను పగులదీసి, మట్టిని ఊది, ముక్కుపుటములు మూసుకొని, పెదవులను గొట్టమువలె సాచి, ఆ పళ్ళ సందునుండి పురుగులను పీల్చుకొనును. ఆ చప్పుడు వంద మీటర్లు దాటి వినబడును. పండ్ల కాలములో రేగు, నేరేడు, తునికి పండ్లు తిని, వాటి గింజలను అడవియందు వెదజల్లును.

ఇట్టి జంతువు తోటలలోనికి ఏల వచ్చును? కొండపై పుట్టలు, పండ్లచెట్లు, నీరు కరవైనచోట, పండిన పనస, రాలిన జీడిపండ్లు దానిని పిలువకయే పిలుచును. శ్రీకాకుళం జిల్లా ఉద్దానములో ఈ బాధ రైతులకు తెలియనిది కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలములో ఎలుగుబంటి దాడికి ఒక రైతు బలియయ్యెను, పలువురు గాయపడిరి. పట్టుబడిన జంతువు కూడ చనిపోయెను. ఇరువైపుల నష్టమే మిగిలినది.

"మనిషి ప్రాణముకన్న ఎలుగుబంటి ఎక్కువా?" అని రైతు అడుగుట న్యాయమే. కాని ఒకదానిని చంపినను, తోటలో రాలిన పండ్లు అట్లే ఉన్నచో మరియొకటి వచ్చును. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని వేటాడుట నేరము.

కావున రెండు పనులు జరుగవలెను. అటవీశాఖవారు కొండలపై పండ్లచెట్లను, నీటిగుంటలను కాపాడి, నష్టపోయిన కుటుంబమునకు జాప్యము లేక పరిహారమీయవలెను. రైతు సోదరులు రాలిన పండ్లను ఏరోజుకారోజు ఎత్తివేయవలెను. ఇంటిచెంత పొదలు నరికివేయవలెను. తెల్లవారుజామున, మునిమాపున తోటకు ఒంటరిగా పోక, దీపముతో, మాటల అలికిడితో పోవలెను. పిల్లలను వీపున మోయు తల్లి ఎలుగును ఎన్నడును సమీపింపరాదు.

అడవిలోని పుట్టలను త్రవ్వక వదలివేయుడు. దాని తిండి కొండమీద దొరకినంతకాలము మన తోట మనకు మిగులును.