పేరంటపల్లి రేవుల ఎవరూ అడగని ముచ్చట: ఈ పడవ ఎవరిది?

వానకాలం వెళ్లి గోదారి నీళ్లు తేటపడ్డయంటే మా పినపాక మీదికెల్లి పోయే రోడ్డు మీద టూరిస్టు బండ్లు పెరుగుతయి. కార్తీకమాసంల అయితే చెప్పే పనే లేదు. ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చేటోళ్లు మా కాడ చాయ తాగి, మణుగూరు, అశ్వాపురం, సారపాక దాటి భద్రాచలం పోతరు. ఒకపూట రాముని దర్శనం, ఒకరోజు పాపికొండలు. దేవుణ్ని చూసినం, కొండలు చూసినం, ఆదివాసీలను గూడ చూసినం అని ఇండ్లకు పోయి చెప్పుకుంటరు.

నాకున్న పంచాది ఆ మూడో మాట తోటే.

యాత్ర ఎట్ల నడుస్తదో తెల్వనోళ్లకు జర చెప్త. భద్రాచలంల గుడి చుట్టుపక్కల టికెట్లు అమ్ముతరు. అక్కడికెల్లి కూనవరం, వి.ఆర్.పురం మీదుగ పోచవరం రేవుకు బండ్ల తోలుకపోతరు. పడవ ఎక్కినంక మైకుల గైడు, పాటలు, డ్యాన్సులు, పడవల్నే భోజనం. నడుమల పేరంటపల్లి కాడ ఆపి శివుని గుడి చూపిస్తరు. గుడికి పోయే తొవ్వ పక్కన కొండరెడ్డి ఆడోళ్లు వెదురు పూలు, వెదురు బొమ్మలు ముందల పెట్టుకొని కూసుంటరు. ఒకరు బేరం చేస్తరు, ఒకరు అడగకుండనే ఫోటో తీస్తరు. ఇంతల పడవ హారన్ కొడ్తది, అందరు ఉరుకుతరు.

నేనూ పోయిన ఆ పడవల. గైడు పిల్లగాడు హుషారైనోడు. కొండల నడుమకు రాంగనే మైకుల అన్నడు: "ప్రాజెక్టు నిండితే ఇదంత మునుగుతది, మల్ల చూద్దామన్నా దొరకది, ఫోటోలు తీసుకోండ్రి." అందరు ఫోన్లు పైకి లేపిన్రు. ఆ పిల్లగాన్ని నేనేం తప్పు పట్టను, వాని కడుపు కోసం వాడు చెప్పిండు. కాని ఒక ఊరు మునగబోతున్నదన్న ముచ్చట టికెట్ అమ్ముకునేటందుకు పనికొచ్చే సరుకు అయ్యిందంటే, మనం ఎక్కడికొచ్చినమో ఆలోచించుకోవాలె.

ఎవలీ కొండరెడ్లు? గోదారికి రెండు దిక్కుల కొండల మీద, ఒడ్డుల పొంటి బతికే ఆదివాసీలు. పోడు కొట్టి జొన్న వేసుకునేటోళ్లు. చింతపండు, జీలుగు కల్లు, వెదురు వాళ్ల బతుకుదెరువు. గింజలు అయిపోయిన కాలంల మామిడి టెంకల జీడి తోటి జావ కాసుకున్నోళ్లు. కేంద్ర సర్కారే వీళ్లను పీవీటీజీ జాబితాల పెట్టింది. అంటే ఆదివాసీలల్ల గూడ బాగ దెబ్బతినిపోయే ప్రమాదమున్న తెగ, కాపాడుకోవాలని అర్థం.

కాపాడుడు ఎట్లున్నదో చూడుండ్రి. 2014ల తెలంగాణ వచ్చిందని మనం సంబురాలు చేసుకుంటున్నప్పుడే, పోలవరం కోసమని మన ఖమ్మం జిల్లాల ఏడు మండలాల ఊర్లను ఆర్డినెన్సు తోటి ఆంధ్రల కలిపిన్రు. జులైల పార్లమెంటుల చట్టం గూడ చేసిన్రు. పేరంటపల్లి ఉన్న వేలేరుపాడు, పోచవరం ఉన్న వి.ఆర్.పురం, కుక్కునూరు, కూనవరం, చింతూరు అన్ని అట్లనే పోయినయి. ఆ ఊర్ల గ్రామసభలను పిలిచి మీరు ఎటు ఉంటరని అడిగినోళ్లు లేరు. పోలవరం నీళ్లు పూర్తి మట్టం 150 అడుగులకు నిలబెడితే కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైన. అండ్ల ఆదివాసీలే మస్తు మంది.

డ్యాం నిండకముందే ముంపు మొదలైంది. కాఫర్ డ్యాం లేచినంక దేవీపట్నం మండలం ఊర్లు వరదకు మునిగి, జనం కొండలెక్కి గుడిసెలు వేసుకున్నరు. 2022 జులైల భద్రాచలం కాడ గోదారి 71 అడుగులు దాటింది. 1986ల వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్లు మల్ల అప్పుడే. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తరు, అటువంటిది 71 అంటే లెక్క వేసుకోండ్రి. మా పినపాక దిక్కు గూడ పొలాలు, ఊర్లు నీళ్ల పాలైనయి. కుక్కునూరు, వేలేరుపాడు అయితే సముద్రమే. ఆ వరద తీసి రేవులు బాగుపడంగనే పడవలు మల్ల నడిచినయి. పరిహారం కాయితాలు మాత్రం పడవ నడిచినంత జోరుగ నడుస్తలేవు.

ఇగ పడవల ముచ్చటకొస్త. మూడు తారీఖులు చెప్త, మతిల పెట్టుకోండ్రి.

2018 మే 11. దేవీపట్నం దగ్గర టూరిస్టు పడవకు నిప్పంటుకుంది. అండ్ల ఉన్నోళ్లందరు బతికి బయటపడ్డరు.

2018 మే 15. నాలుగు రోజులకే మంటూరు కాడ గాలివానకు లాంచీ మునిగింది. అది టూరిస్టు పడవ కాదు, ఊరోళ్లు రోజూ తిరిగే లాంచీ. ఇరవై మంది దాక సచ్చిపోయిన్రు. అండ్ల ఎక్కువ మంది గిరిజనులే. రోడ్డు లేని ఊర్లకు అదే బస్సు, అదే అంబులెన్సు.

2019 సెప్టెంబర్ 15. వరద పారుతుండంగనే పాపికొండలకు బయలెల్లిన రాయల్ వశిష్ట పడవ కచ్చులూరు కాడ బోల్తా పడ్డది. 77 మంది ఎక్కితే బతికింది 26 మంది. మన వరంగల్ పక్క కడిపికొండ నుంచి పోయిన సుట్టాల గుంపు గూడ అండ్లనే ఉండె. నెల దాటినంక అక్టోబర్ 22న కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ పడవను నీళ్లల్లకెల్లి గుంజి బయట వేసింది. కొందరి శవాలు ఇండ్లోళ్లకు దొరకనే లేదు.

ఆ రోజు బతికినోళ్లను ఒడ్డుకు తెచ్చిందెవరు? పక్కన టూటుగుంట ఊరోళ్లు. వాళ్ల నాటు పడవలు ఏసుకొని సుడిల కొట్టుకపోతున్నోళ్లను ఏరుకొచ్చిన్రు. ఆ నీళ్ల గుణం వాళ్లకు ఎరుక. ఏ మలుపు కాడ సుడి తిరుగుతదో, ఏ నీళ్లకు పడవ దించొద్దో ఆ ఒడ్డున పుట్టిన పోరనికి తెలుసు. గని ఆ దినం పడవ దించాల్నా వద్దా అని వాళ్లను అడిగినోళ్లు లేరు. అడగాల్నన్న రూలు గూడ లేదు.

రెండేండ్లు బంద్ పెట్టి 2021 నవంబర్ల యాత్ర మల్ల షురూ చేసిన్రు. లైఫ్ జాకెట్లు, తనిఖీలు, కంట్రోల్ రూములు అన్నరు. మంచిదే, పాణాలకు సంబంధించిన ముచ్చట. గని జాగ్రత్త అంటే పడవల ఉన్నోళ్ల జాగ్రత్తేనా? ఒడ్డున ఉన్నోళ్ల జాగ్రత్త ఎవరి ఖాతాల రాస్తరు?

నేను అనేది ఒక్కటే. ఈ యాత్రల పడవ ఎవరిదో పెత్తనం వాళ్లది. వెదురు పువ్వు కొని పది రూపాయలు ఎక్కువిచ్చినంత మాత్రాన ఆ లెక్క మారది. టికెట్ పైసలు పడవ యజమానికి, కమీషన్ ఏజెంటుకు, రూము కిరాయి లాడ్జికి, పన్ను సర్కారుకు పోతయి. ఊరి పేరు చెప్పి అమ్మిన టికెట్ల ఊరి వాటా ఎంత? పడవ ఎప్పుడు రావాలె, ఎంతసేపు ఆగాలె, ఎంత మంది దిగాలె, ఎక్కడిదాక తిరగాలె, ఎవరి ఫోటో తీయొచ్చు, ప్లాస్టిక్ చెత్త ఎవరు ఎత్తాలె, ఇండ్ల ఒక్కటన్న ఊరోళ్ల చేతుల ఉన్నదా?

ఇది కొత్త కథ గూడ కాదు. 1940లల్ల నిజాం రాజ్యంల తిరిగిన హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు ఈ కొండరెడ్ల మీదనే 1945ల ఒక పెద్ద పుస్తకం అచ్చేయించిండు. కలప, వెదురు వ్యాపారులు వీళ్లను అప్పులల్ల ఎట్ల ఇరికిచ్చి చాకిరి చేయించుకున్నరో అండ్ల రాసిండు. అప్పుడు వెదురు కొట్టింది కొండరెడ్డి, లాభం ఏటి వెంబడి దిగువకు పోయింది. ఇప్పుడు వెదురు పువ్వు చేసేది కొండరెడ్డి, లాభం ఏటి వెంబడి రేవుకు పోతున్నది. సరుకు మారింది, తొవ్వ అదే.

చట్టాలు లేవా అంటే ఉన్నయి. షెడ్యూల్డ్ ఏరియాల గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోవద్దని 1/70 ఉన్నది. 1997ల సమత కేసుల సుప్రీంకోర్టు, ఏజెన్సీల గనులు ప్రైవేటోళ్లకు లీజుకు ఇయ్యొద్దు, గిరిజనుల సొసైటీలకు ఇయ్యొచ్చని తీర్పు చెప్పింది. గని 1/70 కాపాడేది భూమినే. గోదారి నీళ్ల మీద తేలే వ్యాపారానికి ఆ కట్టు లేదు. ఒడ్డు మీద గుంట జాగ కొనలేనోడు గూడ ఆ ఒడ్డును రోజూ వందల మందికి చూపిచ్చి బతకొచ్చు. పడవకు పర్మిషన్ ఇచ్చేది ఊరు కాదు, ఆఫీసు. ఈ సందుల నుంచే పైసలన్ని జారిపోతున్నయి.

ఆ సందు మూసే దారి గూడ చట్టంలనే ఉన్నది. 1996 పెసా చట్టం ఏజెన్సీల ఊరి సంతల మీద అజమాయిషీ గ్రామసభకు, పంచాయతీకి ఇయ్యాలని చెప్పింది. రేవు కాడ రోజూ నడిచే బేరం సంత కాదా మరి? 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిల కలిపింది, ఊరి అడవిలకు ఎవరు రావాల్నో చెప్పే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కొండరెడ్ల లాంటి తెగలకు తమ తావు మొత్తం మీద ఆవాస హక్కు గూడ రాసింది. కాయితం మీద హక్కు ఉన్నది, రేవుల మాత్రం ఎవరూ దాన్ని చదువుతలేరు.

వేరే దేశంల ఏమైందో ఒక ముచ్చట చెప్త. పెరూల టిటికాకా అనే పెద్ద చెరువున్నది, 3,800 మీటర్ల ఎత్తుల. అండ్ల ఉరోస్ జనం తుంగ లాంటి గడ్డి పేర్చి కట్టిన దీవుల మీద ఉంటరు. ఆ పక్కనే టకీలే అనే దీవి, నేతపని వాళ్లకు పేరు. పొద్దున పడవెక్కిచ్చి ఈ దీవులు చూపిచ్చి సాయంత్రానికి తెచ్చుడు అక్కడ గూడ పెద్ద దందా. టకీలే ఊరోళ్లు 1970ల చివర్ల సొంతంగ మోటరు పడవలు చేసుకున్నరు. వచ్చినోళ్లను వంతుల వారీగ ఇండ్లల్ల పెట్టుకున్నరు, బట్టలు ఊరి దుకాణంల ఒకే ధరకు అమ్మిన్రు. పైసలు ఊర్ల తిరిగినయి. 1990ల నుంచి పట్నం కంపెనీల జోరు పడవలు వచ్చినయి, ఊరోళ్లకు రవాణా మీద ఉన్న ప్రత్యేక హక్కును సర్కారు తీసేసింది. ఇంటికి వచ్చే సుట్టం గంట ఉండి పోయే గిరాకి అయ్యిండు. టూరిజం అదే, నేత అదే, జనం అదే. చేయి మారింది పడవ ఒక్కటే.

కొందరు దోస్తులు అంటరు, అసలు యాత్రలే బంద్ పెట్టాలని. అండమాన్ల జారవాలను రోడ్డు మీద నిలబెట్టి ఆడిచ్చిన వీడియోలు 2012ల బయటపడ్డయి, అక్కడ ఆపుడే న్యాయం. గని కొండరెడ్లు ఓట్లేసేటోళ్లు, సంతకు పోయేటోళ్లు, పిల్లలను ఆశ్రమ పాఠశాలకు పంపేటోళ్లు. వచ్చినోళ్లను రానియ్యాల్నా వద్దా అనేది వాళ్లే చెప్పాలె. హైదరాబాదుల కూసోని మనం బంద్ అనుడు, టికెట్లు అమ్మేటోడు రమ్మనుడు రెండూ ఒక్కటే. రెండిట్ల వాళ్ల నోరు మూసినట్టే.

చేయొచ్చని చూపిచ్చిన జాగలు మన పక్కనే ఉన్నయి. మారేడుమిల్లి అడవుల వాలమూరు వన సంరక్షణ సమితి అటవీ శాఖ తోటి కలిసి జంగిల్ స్టార్ క్యాంపు నడుపుతది. అన్ని సక్కగున్నయని నేననను. గని వంట వండేది, తొవ్వ చూపేది, లెక్క చూసేది ఆ ఊరోళ్లే అయితే ఎట్లుంటదో అది ఒక నమూనా. మన తెలంగాణల లక్నవరం దీవులు, పాల్వంచ కాడ కిన్నెరసాని చెరువు ఉన్నయి. అక్కడ బోటింగు పెంచుతమంటే సంతోషమే. పెంచేముందు చుట్టుపక్కల కోయ ఊర్ల గ్రామసభలను పిలువుండ్రి, బోటుల వాటా ఇయ్యుండ్రి.

అడిగేటియి నాలుగే. పడవ పర్మిషన్ కు రేవు ఊరి గ్రామసభ తీర్మానం కావాలె. ప్రతి టికెట్ మీద ఊరి వాటా ఎంతో టికెట్ మీదనే అచ్చేయాలె. కొండరెడ్డి యువకులకు సరంగు పని నేర్పి లైసెన్సులు ఇయ్యాలె, ఐటీడీఏ అప్పిచ్చి వాళ్ల సొసైటీకి పడవ కొనియ్యాలె. టూరిస్టు పడవకు పెట్టిన తనిఖీ, జాకెట్టు ఊరోళ్ల లాంచీకి గూడ పెట్టాలె.

వీటన్నిటికన్న ముందు, పునరావాసం పూర్తిగ అందినంకనే నీళ్ల మట్టం పెంచాలె. ఊరే లేకపోతే వాటా అడిగేటోడు ఎక్కడుంటడు?

ఈ కార్తీకంల గూడ మీరు పోతరు. పోండ్రి, నేనేం అడ్డం పడను. టికెట్ కొనేకాడ ఒక్క మాట అడగుండ్రి: "ఇండ్ల పేరంటపల్లికి ఎంత పోతది అన్నా?" జవాబు రాదు. అయినా అడగుండ్రి. వందమంది అడిగితే ఏజెంటు యజమానిని అడుగుతడు, యజమాని ఆఫీసును అడుగుతడు.