అలక నుండి ఆగ్రహం వరకు

“మూడ్ బాగాలేదు.” నేటి విద్యార్థుల నోట తరచుగా వినిపించే మాట ఇది. పరీక్షలో మార్కులు తగ్గినా, మిత్రుడు పలకరించకుండా వెళ్లిపోయినా, వసతిగృహంలో భోజనం రుచించకపోయినా, నలుగురిలో అవమానం జరిగినా సమాధానం ఇదొక్కటే. కారణాలు వేరు, బాధలు వేరు. పేరు మాత్రం ఒకటి. మనసు చెడిన ఒక్కొక్క తీరుకు ఒక్కొక్క పేరు పెట్టుకున్న తెలుగువారికి ఈ మాటల కరవు ఎందుకు రావాలి?

చిరాకు, విసుగు అనే రెండు మాటలను చూడండి. పైకి ఒకటిగానే తోస్తాయి. చదువుకొనే వేళ పక్కవీధిలో మైకు హోరెత్తితే కలిగేది చిరాకు. ఒకే పాఠాన్ని పదవసారి వల్లె వేయవలసి వస్తే కలిగేది విసుగు. మొదటిదానికి బయటి నుండి వచ్చిపడిన అలజడి కారణం. రెండవదానికి ఏ మార్పూ లేకపోవడమే కారణం. చిరాకుకు తోబుట్టువు వంటి ‘చీకాకు’కు కలత, చెల్లాచెదరు కావడం అనే అర్థాలున్నాయి. యుద్ధంలో చెదరిన సేనకు చెల్లిన మాటే చెదరిన మనసుకూ చెల్లింది. చిరాకు పడినవానికి కొంత నిశ్శబ్దం కావాలి. విసిగినవానికి ఆ నిశ్శబ్దమే మరింత విసుగు. అతనికి వేరొక పని కావాలి.

అలక సంగతి వేరు. అలగడానికి ఎదుట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి తనవాడై ఉండాలి. చిల్లర ఇవ్వని బస్సు కండక్టరు మీద ఎవరూ అలగరు, కోప్పడతారు. తల్లి మీద, భర్త మీద, ప్రాణమిత్రుని మీద అలుగుతారు. తనను బతిమాలేవారు ఉన్నారనే నమ్మకమే అలకకు ఊపిరి. అందుకే తెలుగువారు దానికి పెళ్లి వేడుకలలో సైతం చోటిచ్చారు. కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కుతాడు, అత్తమామలు బుజ్జగించి దింపుతారు. (కానుకల బేరంగా మారినచోట దానిని అలక అనడం ఆ మాటకే అవమానం.)

పదహారవ శతాబ్దికి చెందిన నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ కావ్యానికి ఈ అలకే ఆధారం. నారదుడు తెచ్చిన పారిజాత పుష్పాన్ని శ్రీకృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడని చెలికత్తె వలన విని సత్యభామ మండిపడింది. పాదాలకు మ్రొక్కిన భర్త శిరస్సును ఎడమకాలితో త్రోసింది. అది క్రోధమే అయితే కథ అక్కడితో ముగిసేది. దాని అడుగున ఉన్నది అనురాగమని గ్రహించినవాడు కనుకనే కృష్ణుడు నొచ్చుకొనలేదు. పారిజాత వృక్షాన్నే తెచ్చి ఇస్తానన్నాడు.

రామాయణంలో దశరథునికి ఆ గ్రహింపు కొరవడింది. కోపగృహంలో కటికనేలపై పడి ఉన్న కైకేయిని చూసి, ప్రియురాలు అలిగిందని భావించి, రాముని మీద ఒట్టుపెట్టి మాట ఇచ్చాడు. ఆమె మనసులో అప్పటికే ఉన్నది అలక కాదు, పట్టుదల. ఆ రెండింటికీ గల భేదాన్ని గుర్తించకపోవడం వలన ఒక రాజ్యం తలక్రిందులైంది.

రోషం, ఉక్రోషం అనే మాటలలోనూ ఇటువంటి సూక్ష్మత ఉంది. సంస్కృతంలో రోషమంటే కోపమే. తెలుగు దానికి ఆత్మాభిమానాన్ని జోడించింది. “నీకు రోషం లేదా?” అని అడుగుతాం కాని, “నీకు చిరాకు లేదా?” అని నిలదీయం. అవమానాన్ని సహింపలేని స్థితిని ఆలంకారికులు ‘అమర్షం’ అన్నారు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన 33 వ్యభిచారి భావాలలో అది ఒకటి. ఆ అమర్షానికి ఎదురు తిరిగే శక్తి ఉంటే రోషం. ఆ శక్తి లేక కన్నీరు ఉబికితే ఉక్రోషం. ఆటలో ఓడి, పలక విసిరి, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తే పిల్లవానిని తోటివారు ఉడుకుమోతు అంటారు. ఎంత చక్కని మాట!

ఇక ధ్వనులతో పుట్టిన మాటలకు లెక్కలేదు. పోపులో ఆవాలు చిటపటలాడుతాయి. ఆలస్యంగా వచ్చిన కొడుకును చూసి తండ్రీ చిటపటలాడుతాడు. పాము బుస మనిషికి చేరి కస్సుబుస్సు అయింది. రుసరుసలు, చిర్రుబుర్రులు, ధుమధుమలు సరేసరి. తెలంగాణలో విసిగి వేసారడాన్ని యాష్టకు రావడం అంటారు. కోపం వస్తే గుస్సా అంటారు.

అరబ్బీలో పుట్టిన గుస్సా ఉర్దూ ద్వారా వచ్చింది. కోపం, క్రోధం, ఆగ్రహం సంస్కృతం నుండి వచ్చాయి. కాబట్టి ‘మూడ్’ పరభాషా పదమని నిందించడం న్యాయం కాదు. గుస్సా వచ్చి కోపం పక్కన కూర్చుంది, దానిని వెళ్లగొట్టలేదు. మూడ్ మాత్రం పది మాటల చోటును తానే ఆక్రమించింది. పేరు ఏదైతేనేమి, బాధ బాధే కదా అని కొందరంటారు. బాధ ఒక్కటే కావచ్చు. కాని దానిని ఎదుటివారికి చేర్చేది పేరే.

ఉదయం తరగతిలో జవాబు చెప్పలేక నవ్వులపాలైన విద్యార్థి, సాయంత్రం ఇంటికి వచ్చి తమ్ముని కసురుతాడు, కంచం తోసివేస్తాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. “మూడ్ బాగాలేదు” అన్న కొడుకును తల్లి కాసేపు పడుకోమంటుంది. “ఉక్రోషంగా ఉందమ్మా” అంటే, పక్కన కూర్చొని, “ఎవరేమన్నారురా?” అని అడుగుతుంది.