గ్రామసభలో గొంతు పెగలాలి

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. చాలా ఊళ్ల గ్రామసభల్లో జరుగుతున్నది అదే. కుళాయి నీరు అందని వీధివారు సభకు వస్తారు, వెనక వరుసలో నిలబడతారు. మాట్లాడమంటే గొంతు పెగలదు. సభ ముగిశాక రచ్చబండ దగ్గర మాత్రం బాధలన్నీ ఏకరువు పెడతారు. సభలో చెప్పనిది తీర్మానంలోకి ఎలా ఎక్కుతుంది?

సభాకంపం అలవాటుతో పోయేదే. 1924 అక్టోబరు 22న అమెరికాలోని శాంటా ఆనా పట్టణంలో రాల్ఫ్ స్మెడ్లీ ఇందుకోసమే ఒక క్లబ్బు ప్రారంభించారు. ఆ టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు నేడు హైదరాబాదులోనూ ఉన్నాయి. అక్కడి సాయంత్రాల పద్ధతి సులువు. కొందరు ముందుగా సిద్ధపడి వచ్చి ఐదు నుంచి ఏడు నిమిషాలు మాట్లాడతారు. మరికొందరు అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాలు చెబుతారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు గడువును గుర్తుచేస్తాయి. ఆ తరువాత మరొకరు లేచి, బాగున్నదేమిటో, దిద్దుకోవలసినదేమిటో వివరిస్తారు.

ఈ పద్ధతి మన పల్లెలకూ పనికివస్తుంది. దీపాలు లేకుంటే చేతి గడియారం చాలు. యువజన సంఘాలు, మహిళా సంఘాలు పూనుకొని వారానికొక సాయంత్రం గ్రంథాలయంలోనో, బడి వరండాలోనో ఇలా కూర్చోవాలి. ధాటిగా మాట్లాడేవారు కాస్త ఆగి, ఎన్నడూ నోరు విప్పని మహిళలకు, కూలీలకు మొదటి అవకాశం ఇవ్వాలి. తడబడితే నవ్వరాదు.

1992 నాటి 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటు కల్పించింది. ఆ సభలో లేచి నిలబడి అడిగే ధైర్యాన్ని మనమే అలవరచుకోవాలి.