మన నీళ్ల ఊసు ఏ కమిటీలో ఉంది?

పార్లమెంటు అనగానే మనకు టీవీలో కనిపించే గోలే గుర్తొస్తుంది. అసలు పని చాలావరకు కెమెరాలు లేని కమిటీ గదుల్లో జరుగుతుంది. శాఖల వారీగా 24 స్టాండింగ్ కమిటీలున్నాయి. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది కూర్చుంటారు. బడ్జెట్ పద్దులు విప్పి చూస్తారు, తమకు పంపిన బిల్లులను పరిశీలిస్తారు, శాఖల కార్యదర్శులను పిలిచి నిలదీస్తారు. వాళ్లు రాసిన నివేదికలు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. కిడ్నీ జబ్బులతో నలిగే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషికి మాత్రం అవి దొరికే తీరులో లేవు. నా అభ్యంతరం అక్కడే.

నాది కాశీబుగ్గలో నెట్ సెంటరు. పింఛను దరఖాస్తులు, ఆసుపత్రి కాగితాల జిరాక్సులు, జీడిపప్పు వ్యాపారుల జీఎస్టీ పనులతో రోజు గడిచిపోతుంది. వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే పెద్దాయన ఒకరు కిడ్నీ పరీక్ష (క్రియాటినిన్) రిపోర్టు జిరాక్సు తీయించుకుంటూ అడిగారు: "బావూ, మన నీళ్ల ఊసు ఢిల్లీలో ఎవులైనా ఎత్తినారేటి?" పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైందని ఆయనకు తెలుసు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వచ్చే నీళ్ల సంగతీ తెలుసు. అవి రాష్ట్రం చేసినవి. ఆయన అడిగింది ఢిల్లీ సంగతి.

ఆ చిన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు దాన్ని ముక్కలు చెయ్యాలి. కిడ్నీ జబ్బు, డయాలసిస్ ఆరోగ్య కమిటీ కిందికి వస్తాయి. దాన్ని చూసేది రాజ్యసభ సచివాలయం. తాగునీరు జలవనరుల కమిటీది, అది లోక్‌సభ వైపు. పురుగుమందుల మీద అనుమానముంటే వ్యవసాయ కమిటీ దగ్గరికి వెళ్లాలి. జబ్బు ఒకటే అయినా ఎక్కాల్సిన గుమ్మాలు మూడు.

పురుగుమందుల సంగతే చూడండి. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. నీళ్లు, నేల, మండుటెండలో చాకిరీ, తోటల్లో కొట్టే మందులు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. 2020లో రాజ్యసభలో పెట్టిన పురుగుమందుల నిర్వహణ బిల్లు 2021లో వ్యవసాయ కమిటీకి వెళ్లింది. ఆ డిసెంబరులోనే నివేదిక వచ్చేసింది. కవిటి కొబ్బరి రైతు, మందస జీడితోటలో పనిచేసే కూలీ తమ మాట చెప్పుకోవాల్సిన సమయం ఆ కొన్ని నెలలే. మా బజారులో ఆ బిల్లు పేరెత్తినవాళ్లు నాకు తగల్లేదు. కమిటీలు ప్రజల సూచనలు అడుగుతూ ప్రకటనలిస్తాయి గానీ, గడువు సాధారణంగా రెండు వారాలే. రాసి పంపేది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి.

ఎంపీగారిని అడిగితే సరిపోదా అంటారు. మన ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి కేంద్ర మంత్రి. మంత్రులు ఈ కమిటీల్లో సభ్యులుగా ఉండకూడదన్నది నియమం. మంత్రి పదవి జిల్లాకు మంచిదే, దాంతో కమిటీలో మన కుర్చీ ఖాళీ అయిందన్నదీ నిజమే. ఇక జీడి, కొబ్బరి కష్టం తెలిసిన కేరళ సభ్యుడినో, పక్కనున్న ఒడిశా సభ్యుడినో పట్టుకోవాలి. వాళ్లెవరో తెలియాలంటే ఎంపీ పేరుతో కాకుండా విషయంతో వెతికే వీలుండాలి.

అలా వెతకడానికి నేననుకునే సాఫ్ట్‌వేర్ ఇలా ఉండాలి. తెలుగులో 'డయాలసిస్' అనో 'జీడి' అనో కొడితే ఏ కమిటీ, ఏ నివేదిక, ఏ పేజీలో ఆ మాట ఉందో చూపాలి. పేజీ నంబరు లేకుండా ఏఐ అల్లి చెప్పే జవాబు మాకొద్దు. ఆ సిఫార్సుకు ప్రభుత్వం ఏమందో పక్కనే కనిపించాలి. మూడు నెలల్లో జవాబివ్వాలన్న నియమం ఎలాగూ ఉంది. వచ్చిన జవాబులను కమిటీలే తర్వాతి నివేదికలో వేరు చేస్తాయి: ప్రభుత్వం ఒప్పుకున్నవి, కమిటీ ఇక పట్టుబట్టనివి, జవాబు నచ్చక మళ్లీ నొక్కి చెప్పినవి, తుది జవాబు రావాల్సినవి. ఆ మూడో రకమే మాలాంటివాళ్లకు బంగారం. సూచనలకు పిలుపు వచ్చిన రోజే ఫోనుకు సందేశం రావాలి. బ్రిటన్ పార్లమెంటులో ఏ కమిటీ దేనిమీద అభిప్రాయాలు అడుగుతోందో, ఎవరేం రాసి పంపారో ఒకే సైట్‌లో కనిపిస్తుంది.

సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడనక్కర్లేదు కదా, కమిటీలకు వెళ్లే బిల్లులే తగ్గిపోయాయి కదా అని అడిగేవాళ్లున్నారు. రెండూ నిజమే. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో 16 శాతమే వెళ్లాయి. అంత తగ్గినా పలాసలో గానీ టెక్కలిలో గానీ ఎవరూ గొంతెత్తలేదంటే, కమిటీ ఏం చేస్తుందో మనకు కనబడకపోవడం వల్లనే. ప్రభుత్వం 'కుదరదు' అని రాసినా అది కాగితం మీద ఉంటుంది. దాన్ని చేతిలో పట్టుకుని అడిగితే ఆ లెక్కే వేరు.

సభలో ప్రసంగాలకు తెలుగు అనువాదం వినే ఏర్పాటు ఇప్పటికే ఉంది. నివేదికల సారాంశాలనైనా తెలుగులో ఇవ్వడం సచివాలయాలకు పెద్ద పనేం కాదు. ఈలోగా టెక్కలి ఇంజనీరింగ్ విద్యార్థులు చివరి ఏడాది ప్రాజెక్టుగా ఈ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోవచ్చు. బడ్జెట్ పద్దుల మీద కమిటీల నివేదికలు సాధారణంగా మార్చిలో వస్తాయి. అప్పటికి ఆరోగ్యం, జలవనరులు, వ్యవసాయం సిద్ధమైతే చాలు. మిగతా ఇరవై ఒక్క కమిటీల సంగతి తర్వాత చూసుకోవచ్చు.