గోడ మీది స్తంభాలు

వెనిస్ వెళ్లినవాళ్లందరూ పడవెక్కి ఫొటో దిగుతారు. మేమూ దిగాం. ఆ ముచ్చట ఇంకోసారి చెప్తాను. ఈ వారం ఒక్క గది గురించే.

గ్రాండ్ కెనాల్ ఒడ్డున కా రెజోనికో అనే పాత మేడ ఉంది. వెనిస్ వాళ్ల మాటలో ‘కా’ అంటే ఇల్లు. ఇప్పుడది మ్యూజియం. 18వ శతాబ్దంలో అక్కడి గొప్పింటివాళ్లు ఎలా బతికారో అందులో చూడొచ్చు. మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో ఉంటారు. వాళ్లే తీసుకెళ్లారు. పెద్ద రాతిమెట్లెక్కి పై అంతస్తులోకి వెళ్లాం. లోపల బాల్‌రూమ్. అంటే రాత్రంతా దీపాల వెలుగులో దొరలూ దొరసానులూ జంటలుగా నాట్యం చేసే గది. 24 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. అడుగుల్లో చెప్పాలంటే సుమారు 79కి 46. ఎత్తు రెండంతస్తులు. గోడల నిండా స్తంభాలు, వాటి మీద కమానులు, ఆ పైన కప్పే లేనట్టు ఆకాశం, మేఘాలు, సూర్యుడి రథం.

నేను నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాను. మా ఆవిడకి నేలమీద ఉన్నవే ముందు కనబడతాయి. గోడకి జానెడు దూరంలో నిలబడి, తల అటూ ఇటూ వంచి చూసి, నన్ను పిలిచింది.

“ఏమండీ, ఇది స్తంభం కాదండీ. బొమ్మ!”

దగ్గరికెళ్లి చూశాను. నిజమే. నున్నటి గోడ. స్తంభం లేదు, దాని గుండ్రం లేదు, పక్కన పడ్డ నీడా లేదు. అంతా రంగే. ఆవిడ వేలు పెట్టి చూడబోతుంటే మూలన కూర్చున్న కాపలామనిషి లేచి నిలబడ్డాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఈ గోడలు వేసినాయన పేరు పియెత్రో విస్కోంతి. మేడలు లేనిచోట మేడలు కనిపించేలా గీయడమే ఆయన పని. ఇటలీలో ఇదొక ప్రత్యేకమైన విద్య. కప్పు మీది దేవుళ్లని, మనుషుల్ని గీసినాయన వేరు, జొవాన్ని బత్తిస్తా క్రొసాతో. ఇద్దరూ పని పంచుకునేవాళ్లు. ఒకరు కట్టడం గీస్తే ఇంకొకరు అందులో జనాన్ని నింపుతారు. మన సినిమాల్లో ఆర్ట్ డైరెక్టర్ ఒకరు, డాన్స్ మాస్టర్ ఒకరు ఉన్నట్టు.

ఇలాంటి పని ఎలా చేస్తారంటే, సున్నం ఇంకా తడిగా ఉండగానే రంగు వెయ్యాలి. ఆరితే పట్టదు. అందుకని ఆ రోజు ఎంత వెయ్యగలరో అంత మేరకే సున్నం పూస్తారు. సాయంత్రానికి మిగిలిపోతే ఆ మిగిలింది గీకి పారెయ్యాల్సిందే. నిలువు గీతలకి తాపీమేస్త్రి లాగే దారం బిగించి లాగి వదలడం. బొమ్మల అంచులకి కాగితం మీద గీసుకుని, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, గోడకి ఆనించి బొగ్గుపొడి మూటతో అద్దడం. సంక్రాంతికి బజార్లో అమ్మే చిల్లుల ముగ్గుపళ్లేలు గుర్తొచ్చాయి నాకు. సూత్రం అదే.

ఇంకో కిటుకుంది. ఈ బొమ్మలు అన్ని వైపుల నుంచీ ఒకేలా కనబడవు. ఏదో ఒక చోట నిలబడి చూసేవాడి కంటికి సరిపోయేలా లెక్క కడతారు. అక్కడి నుంచి చూస్తే స్తంభాలు నిటారుగా ఉంటాయి. మూలకి జరిగితే కొంచెం వాలినట్టు అనిపిస్తాయి. నేను గది మధ్యకీ గోడవారకీ నాలుగుసార్లు తిరిగాను. కాపలామనిషి నా మీద కూడా ఓ కన్నేశాడు.

ఇంతకీ ఇంత ఉన్నవాళ్లకి దొంగ స్తంభాలెందుకు? ఆ ఇంటి కథ వింటే కొంత అర్థమవుతుంది. మేడ మొదలుపెట్టింది వీళ్లు కాదు. 1649లో బోన్ అనే పాత కుటుంబం లొంగేనా అనే పేరుమోసిన శిల్పిచేత పని మొదలుపెట్టించింది. 1682లో ఆయన పోయాడు. వాళ్ల డబ్బూ అయిపోయింది. మేడ మొండిగోడలతో నిలబడిపోయింది. 1750 దాటాక రెజోనికో వాళ్లు దాన్ని కొని, జోర్జో మస్సారి చేత 1756కల్లా పూర్తి చేయించారు. వెనకవైపు రెండో అంతస్తు నేల తీసేయించి బాల్‌రూమ్‌కి ఆ ఎత్తు తెప్పించింది మస్సారియే.

రెజోనికో వాళ్లు పుట్టుదొరలు కారు. కోమో వైపు నుంచి వచ్చి వ్యాపారంలో బాగుపడ్డవాళ్లు. అప్పట్లో వెనిస్ ప్రభుత్వానికి తురుష్కులతో యుద్ధాలు, ఖజానాకి కరువు. లక్ష డుకాట్లు కడితే ప్రభువంశాల పుస్తకంలో పేరు ఎక్కించేవాళ్లు. రెజోనికో వాళ్లు 1687లో కట్టారు. పేరైతే ఎక్కింది కానీ, పాత వంశాలవాళ్లు వెంటనే పక్కన కూర్చోబెట్టుకుంటారా? ఏ ఊళ్లోనైనా అంతే కదా. అందుకే ఈ గది. వచ్చినవాడు గుమ్మంలోనే తలెత్తి చూడాలి. తలెత్తితే కమాను మీద వాళ్ల వంశ చిహ్నం కనబడాలి. 1758లో ఆ ఇంటి బిడ్డ కార్లో పోప్ అయ్యాడు, పదమూడో క్లెమెంట్ అనే పేరుతో. ఇక ఎవరు వేలెత్తి చూపిస్తారు?

కప్పు మీద సూర్యరథం చుట్టూ నాలుగు ఖండాలు మనుషుల రూపంలో ఉన్నాయి. యూరప్, ఆసియా, ఆఫ్రికా, అమెరికా. అందరికీ మేఘాల మీద చోటుంది. అదే మేడలో ఇంకో గదిలో బ్రుస్తొలోన్ అనే చెక్కపని మహానుభావుడి సామాను పెట్టారు. వెనియెర్ అనే ఇంకో కుటుంబం కోసం చేసినవట. కూజాలు మోస్తున్న నల్లజాతి మనుషులు, నల్లచేవ కర్రతో చెక్కినవాళ్లు. మెళ్లో గొలుసులు. కండరం కండరం చూసి చెక్కాడు, ముఖంలో అలసట కూడా. అంత బాగా చూడగలిగినవాడికి ఆ గొలుసు ఎందుకు కనబడలేదో! నాకు అక్కడ ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు. బాల్‌రూమ్‌కి తిరిగొచ్చి కప్పు మీది ఆఫ్రికాని మళ్లీ చూశాను. మొదటిసారి చూసినట్టు లేదు.

బాల్‌రూమ్‌లో వేలాడే రెండు పెద్ద షాండ్లియర్లు మాత్రం అప్పటివే. చెక్క, లోహం, పైన బంగారు పూత. మేడలో మిగతా సామాను చాలావరకు బయటి నుంచి తెచ్చి పెట్టిందే. 1797లో నెపోలియన్ దెబ్బకి వెనిస్ రాజ్యం పోయింది. 1810లో రెజోనికో వంశమే ఆగిపోయింది. చేయించిన సామాను చేతులు మారిపోయింది. మేడా చేతులు మారింది. కొడుకు కొన్న ఆ ఇంట్లోనే ఇంగ్లీషు కవి బ్రౌనింగ్ 1889లో కన్నుమూశాడు. 1936లో మ్యూజియం తెరిచారు. గోడమీది రంగు స్తంభాలు మాత్రం ఎవరూ మోసుకుపోలేకపోయారు.

ఇక్కడ ఓ ఇంటి గొడవ చెప్పాలి. మూడేళ్ల కిందట అమ్మాయి పెళ్లికి ఫంక్షన్ హాల్లో ‘ప్యాలెస్ సెట్’ వేయిద్దామంది. ఫైబర్ స్తంభాలు, థర్మోకోల్ కమానులు, వెనక రాజుగారి కోట బొమ్మ. డెకరేషన్ అతను చెప్పిన రేటు విని నేను గయ్యిమన్నాను. “ఒక్క పూటకి దొంగ స్తంభాలా? సిగ్గుండాలి” అన్నాను. పూలమాలలతో సరిపెట్టాం. పిల్ల ఎదురు చెప్పలేదు. కళ్లనీళ్లు మాత్రం పెట్టుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు యూరోలు పోసి టికెట్ కొనుక్కుని, మెడ నొప్పి పుట్టేలా దొంగ స్తంభాలు చూస్తున్నాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. అననవసరం లేకుండా చూసింది. అల్లుడు పాపనెత్తుకుని అవతలికి వెళ్లిపోయాడు, తెలివైనవాడు. అమ్మాయి నా పక్కకొచ్చి నిలబడి, తనూ పైకే చూస్తూ అడిగింది.

“నాన్నా, స్తంభాలు ఎలా ఉన్నాయి?”

“బాగున్నాయమ్మా” అన్నాను.

“ఫొటో తియ్యనా?”

సరేనన్నాను. గది మధ్యలో, స్తంభాలు నిటారుగా కనబడే చోటు చూసి మరీ నిలబెట్టింది.