వెలుగు వలయము

“త్రాగునీటికి కటకటలాడు మార్కాపురము, గిద్దలూరు సీమవారికి ఎక్కడనో తిరుగు ఎలక్ట్రానులతో నేమి పని? ఆ ధనముతో చెరువులు త్రవ్వింపరాదా?” అని యడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే, కాని దానికి సమాధానమును కలదు.

ముందుగా ఆ యంత్రమెట్టిదో తెలిసికొందము. ఇండోరు నగరమున, రాజా రామన్న ఉన్నత సాంకేతిక విజ్ఞాన కేంద్రములో ‘ఇండస్-2’ అను వలయము కలదు. దాని చుట్టుకొలత 172.5 మీటర్లు. 2005లో అందు తొలిసారి వెలుగు వెలువడినది. గాలి తీసివేసిన గొట్టములో ఎలక్ట్రానులు ఇంచుమించు కాంతివేగముతో గంటలకొలది తిరుగుచుండును. అయస్కాంతములు వానిని వంచును. బురదదారిని పరుగిడు బండిచక్రమునుండి బురద చిమ్మినట్లు, వంపు తిరుగుచోట ఎలక్ట్రానులనుండి వెలుగు చిమ్మును. ఎక్స్-కిరణములును అందు గలవు. కోల్పోయిన శక్తిని రేడియో తరంగములు మరల నింపుచుండును.

ఈ వెలుగును తొలుత ఎవరును కోరలేదు. పరమాణు కేంద్రకమును శోధింప నెంచి ఎలక్ట్రానులను వేగపరచినవారికి ఇది శక్తిని హరించు దొంగయే. 1947లో అమెరికాలోని ఒక యంత్రములో ఇది మొదట కంటబడినది. నాడు నష్టమనుకొన్నదే నేడు పరమాణువుల అమరికను చూపు దీపమైనది. జీవకణములలో ప్రొటీనులను తయారుచేయు రైబోసోము రూపమును ఇట్టి కాంతితో కనుగొని వెంకట్రామన్ రామకృష్ణన్, మరి యిద్దరితో కలిసి 2009లో నోబెల్ బహుమానము పొందెను.

ఇక మన సీమ మాట. మార్కాపురపు పలకరాయి ఎందరో బాలురకు ఓనమాలు నేర్పినది. అది పలుచని పొరలుగా ఏల చీలును? లోపలి సన్నని అభ్రకపు రేణువులు ఒకే వరుసను పరుండియుండుటచేత. కంటికి కనబడనిదే రాతిగుణమును నిర్ణయించుచున్నది. నీటి విషయమును అంతే. నూతినీరు తేటగానే యుండును. అందులో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములను మించి హెచ్చినకొలది, ఏండ్ల తరబడి త్రాగినవారి దంతములు గారలెక్కును. ఎముకలు బిరుసెక్కి వంగును. ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములందు వైద్యులు గుర్తించి వర్ణించిరి.

ఇండోరు వెలుగు మన నూతిని శుద్ధిచేయునని నేననను. మంచినీరు ముందు రావలెను; అందుకై ఏ పరిశోధన ఫలమునకును వేచియుండ నక్కరలేదు. అయితే, ఫ్లోరైడు ఎముకలో నెట్లు చేరునో, నీటిని వడకట్టు ఖనిజము దానినెట్లు పట్టుకొనునో పరమాణువుల మట్టమున చూడదలచినవారికి ఇట్టి సాధనములు కావలెను. చెరువును వలయమును సవతులు కావు. ఒకటి నేటి దప్పిక తీర్చును. ఒకటి రేపటి తెలివినిచ్చును.

పశ్చిమగోదావరి జిల్లాలోని గొరగనమూడి పల్లెలో పుట్టిన స్వామి జ్ఞానానంద, ఎక్స్-కిరణములను శోధించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనాలయమును నెలకొల్పెను. పల్లె ఆయన కడ్డుపడలేదు. కావున ఆ వలయమేలయని యడుగుటకంటె, మన పల్లెల పిల్లలకు అక్కడికి దారి యేదని యడుగుట మేలు. ఆ దారి ఉన్నత పాఠశాలలోని ప్రయోగశాల తలుపుతో మొదలగును. ఆ తలుపునకు తాళము వేసియుండరాదు. పలకలనందించిన సీమ, పలకరాతి రహస్యమును చదువగల విద్యార్థులనుగూడ అందింపవలెను.