గోలు కొట్టించే గురువు

మన బరంపురంలో కొత్తగా వచ్చే ఉద్యోగికి రెండు పరీక్షలుంటాయి. మొదటిది ఆయన రైలు దిగకముందే మనం పెట్టేది. రెండవది ఆయన పనిలోకి దిగిన తర్వాత పెట్టేది. మొదటి పరీక్ష పెట్టడంలో మనం ఎన్నడూ ఆలస్యం చేసి ఎరుగము. కలెక్టరుగారైనా, హెడ్మాస్టరుగారైనా, గుడి ధర్మకర్త అయినా అంతే. ఇక ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్ వస్తున్నాడంటే చెప్పేదేమున్నది! కాఫీ చల్లారిపోతుంది గాని చర్చ చల్లారదు.

2023 వేసవిలో మా ఆఫీసులో అదే జరిగింది. భువనేశ్వరంలోని ఒడిశా ఎఫ్.సి. జట్టుకు సెర్జియో లోబెరా అనే స్పెయిను దేశస్థుణ్ణి కోచ్‌గా వేసుకున్నారని వార్త వచ్చింది. అంతకు కొద్ది వారాల ముందే, ఏప్రిల్ 25న, ఆ జట్టు కోళిక్కోడులో బెంగళూరు వారిని 2-1తో ఓడించి సూపర్ కప్పు గెలుచుకున్నది. క్లబ్బు చరిత్రలో అది మొదటి పెద్ద కప్పు. ముందున్న కోచ్ వెళ్ళిపోగా తాత్కాలికంగా బాధ్యత మోసి ఆ కప్పు తెచ్చినవాడు క్లిఫర్డ్ మిరాండా అనే గోవా వాసి. అందుచేత మా సెక్షన్ రెండు చీలికలయింది.

"కప్పు తెచ్చినవాణ్ణి పక్కన పెట్టి దొరను తెచ్చుకోవడమేమిటండీ? ఆఫీషియేటింగులో పని బాగా చేసినవాడికి పర్మనెంటు చేయకపోవడం మన డిపార్టుమెంటులోనే అనుకున్నాను" అన్నారు మా పెద్ద గుమాస్తాగారు. ఆయన బాధ ఎక్కడిదో మాకు తెలుసు గనుక ఎవరమూ బదులు చెప్పలేదు. పక్క బల్లమీది ఒరియా మిత్రుడు మాత్రం, "ఆజ్ఞా, కప్పు ఒకటి చాలదు, ఆట కూడా కావాలి. లోబెరా వస్తే గోల్స్ వస్తాయి" అని వాదనకు దిగాడు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. లోబెరా పేరు గోవా జట్టుతో వచ్చింది. 2017 నుంచి అక్కడ వుండి, బంతిని దగ్గర పెట్టుకుని దాడి మీద దాడి చేసే జట్టును తయారుచేశాడు. తర్వాత ముంబయి వారికి 2020-21లో లీగు పట్టికలో ప్రథమ స్థానమూ, చివరి కప్పూ రెండూ సంపాదించి పెట్టాడు. అయితే ఒక చమత్కారం వున్నది. 2020 జనవరి ఆఖరున గోవా వారు ఆయనను సాగనంపితే, మిగిలిన ఆటలకు జట్టును నడిపించి పట్టికలో మొదటి స్థానానికి చేర్చినది ఎవరనుకున్నారు? ఆ క్లిఫర్డ్ మిరాండాయే! గోవాలో ఒకరు వండిన వంట రెండవవారు వడ్డించారు. ఒడిశాలో వరస తిరగబడింది. ఇద్దరిలో ఎవరిది వంట, ఎవరిది వడ్డన అన్నది ఆఫీసు వేళల్లో తేలే సంగతి కాదు.

ఈ కోచ్ కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళబోతున్నాడని మొదట పత్రికలు వ్రాశాయి. చివరకు మన వైపు వచ్చాడు. కలకత్తా వారి చేతిలోది మనకు దక్కిందనే సంబరం కూడా గంజాం వారి ఆనందంలో కొంత వున్నదని ఒప్పుకోవలసిందే.

అమెరికాలో మన పిల్లలు చదువుకునే కాలేజీలలో ఈ వేడి ఇంకా ఎక్కువ. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుకుని, చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. దాడికి దిగేవారు వేరు, అడ్డుకునేవారు వేరు. బంతి చేతులు మారగానే మనుషులే మారిపోతారు. కనుక ప్రధాన కోచ్ కింద దాడికి ఒక కోచ్, కాపుదలకు ఒక కోచ్ వుంటారు. పెద్ద కాలేజీలలో దాడి కోచ్ జీతం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటడం కద్దు. ఆయన నియామకం వార్త రాగానే, పాత ఉద్యోగంలో ఆయన జట్టు ఎన్ని పాయింట్లు చేసిందో లెక్కలు తీసి, ఊరంతా తీర్పు చెబుతుందట. మన ఆటలో ఆ సౌకర్యం లేదు. ఆ పదకొండుమందే దాడి చేయాలి, ఆ పదకొండుమందే వెనక్కు పరుగెత్తాలి. దాడిని మరమ్మతు చేయబోతే కాపుదల వదులవుతుంది. ఈ చిన్న సంగతి మరచిపోయినప్పుడే ప్రేక్షకుడికి కోపం వస్తుంది.

లోబెరా పద్ధతి చూడండి. గోల్‌కీపరు బంతిని గాలిలోకి తన్నడు. పక్కనున్న బ్యాకుకు మెల్లగా అందిస్తాడు. బ్యాకులు ఎడంగా విడిపోతారు, అంచులవారు పైకి పోతారు, మధ్యలో ఒక మనిషి తల తిప్పుకుంటూ బంతి పంచుతాడు. ఆ పంచే పనికి అహ్మద్ జాహూ అనే మొరాకో వాణ్ణి, వెనుక నిలబడడానికి ముర్తదా ఫాల్ అనే సెనెగల్ వాణ్ణి గోవా నుంచి ముంబయికి, ముంబయి నుంచి ఒడిశాకు వెంట తెచ్చుకున్నాడు. కొత్త ఆఫీసరు తన స్టెనోను, తన బంట్రోతును వెంట తెచ్చుకుంటే మన ముఖాలు ఎలా వుంటాయో, ఇక్కడి అభిమానుల ముఖాలు మొదట అలాగే వున్నాయి. కాని ఆ స్టెనోకు దొర చేతివ్రాత తెలుసు. క్రొత్తవాడు నేర్చుకోవడానికి ఆరు నెలలు పడుతుంది, అభిమాని ఆరు వారాలు కూడా ఆగడు.

ఆగలేదు కూడా. 2023 సెప్టెంబరులో ఎ.ఎఫ్.సి. కప్పు పోటీలో మోహన్ బగాన్ వారు కళింగ స్టేడియానికి వచ్చి 4-0తో కొట్టిపోయారు. ఇక్కడినుంచి 165 కిలోమీటర్లు రైలులో పోయి ఆ ఆట చూసినవారి మాటలు అచ్చువేయదగినవి కావు. "గోల్స్ వస్తాయన్నావు కదయ్యా, వచ్చాయి, మన వలలోకి!" అని పెద్ద గుమాస్తాగారు ఒరియా మిత్రుణ్ణి వారం రోజులు నిలబెట్టి అడిగారు.

నవంబరులో మన జట్టు కలకత్తా పోయింది. మొదటి గోలు మోహన్ బగాన్ వారిదే. ఆట ముగిసేసరికి ఒడిశా 5, మోహన్ బగాన్ 2! అదే కోచ్, అదే పద్ధతి. డిసెంబరులో ఢాకా బశుంధరా కింగ్స్‌ను 1-0తో ఓడించి వర్గంలో మొదటి స్థానం సంపాదించారు. మర్నాడు పెద్ద గుమాస్తాగారు అందరికీ టీ ఇప్పించి, "నేను మొదటినుంచీ చెబుతూనే వున్నాను" అన్నారు. ఏమి చెబుతూ వున్నారో ఎవరమూ అడగలేదు.

ఆ సంవత్సరం లీగులో రాయ్ కృష్ణ 13, డియేగో మౌరీసియో 11 గోల్స్ కొట్టారు. జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. 2024 జనవరిలో సూపర్ కప్పు ఫైనలు మన కళింగలోనే ఈస్ట్ బెంగాల్‌తో జరిగింది. ముందు మనవాళ్ళు గోలు కొట్టారు. దాన్ని సమం చేసినవాడు నందకుమార్; అంతకు ముందు ఏడాది మన జట్టులో ఆడినవాడే! అదనపు సమయంలో 3-2తో కప్పు కలకత్తాకు పోయింది. ఏప్రిల్‌లో సెమీఫైనలు మొదటి ఆట మోహన్ బగాన్ మీద 2-1తో గెలిచి, రెండవది కలకత్తాలో 2-0తో ఓడారు. ఒక్క గోలు తేడా. మరుసటి ఏడు రాయ్ కృష్ణ మోకాలు దెబ్బతిన్నది, జట్టు ఏడవ స్థానంలో ఆగింది. ఆరు జట్లకే పైపోటీలు. 2025 నవంబరులో లోబెరా మోహన్ బగాన్‌కే కోచ్‌గా వెళ్ళిపోయాడు. అప్పటి వ్యాఖ్యలు పాఠకులు ఊహించుకోగలరు.

మాకు లోబెరా మీద కోపం లేదు. చూడముచ్చటైన ఆట చూపించాడు. మా మనసులో ముల్లు వేరే వున్నది. ఆ 13 గోల్స్ కొట్టినవాడు ఫిజీ వాడు, ఆ 11 కొట్టినవాడు బ్రెజిల్ వాడు. కోచ్ ఒకటి రెండేళ్ళలో గెలవాలి గనుక తయారైన ఫార్వర్డును కొంటాడు. క్లబ్బులన్నీ అదే చేస్తే మన కుర్రవాడు గోలు ముందు నిలబడేదెప్పుడు? దాని ఫలితం దేశపు జట్టులో కనబడింది. 2024 సంవత్సరమంతా భారత జట్టు ఒక్క ఆటా గెలవలేదు. ఆ జూన్‌లో విరమించుకున్న సునీల్ ఛెత్రీని 2025 మార్చిలో, నలభై ఏళ్ళ వయసులో, మళ్ళీ పిలిపించుకోవలసి వచ్చింది. ఆయన వచ్చి మాల్దీవుల మీద గోలు కొట్టాడు కూడా. అభిమానులు సంతోషించారు, మేమూ సంతోషించాము. కాని రిటైరైన హెడ్ క్లార్కును పిలిపిస్తే తప్ప ఫైలు కదలని ఆఫీసును చూసి ఎవరు గర్విస్తారు?

గోలు కొట్టించే గురువు ఎలా వుండాలో మనవాళ్ళు లోగడ చూశారు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. చాదర్‌ఘాట్ హైస్కూలులో పాఠాలు చెప్పినవాడు. ఆయన తయారుచేసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును సెమీఫైనలు దాకా తీసుకుపోయాడు. ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచిన ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు.

రహీం సాహెబు పని అంతా ఫైనలు నాడు కనబడేది కాదు, మైదానంలో కుర్రవాళ్ళ మధ్య కనబడేది. బంతిని ఎవరూ కాళ్ళ మధ్య ఆడించుకుంటూ కూర్చోకూడదు, అందినవెంటనే అందించాలి అనే నిబంధనతో పోటీలు పెట్టేవాడు. వాటం లేని కాలితోనే ఆడాలని మరొక పోటీ. కుడికాలి వాడు ఎడమకాలితో తంటాలు పడుతూవుంటే చూసేవారికి నవ్వు. కాని ఆరు నెలలకు ఆ కుర్రవాడికి రెండు కాళ్ళు వచ్చేవి, ఎదుటి బ్యాకుకు ఎటు కాయాలో తెలిసేది కాదు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరామ్ ఆయన కంట పడినవాడే.

తీర్పులకు తొందరపడే మనకు 1962 జకార్తా మంచి కథ. ఆసియా క్రీడలలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండు మీద గెలిచిన ఆటలో బ్యాకు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అటువంటివాణ్ణి ఎవరైనా విశ్రాంతికి పంపుతారు. రహీం ముందుకు పంపాడు! సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టాడు. ఆ రాత్రి మా ఆఫీసులో ఎవరైనా కోచ్‌గా వుంటే రహీంను సస్పెండు చేసేవారు. జర్నైల్ సెమీఫైనలులో ఒక గోలు, ఫైనలులో ఒక గోలు కొట్టాడు. అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి జూన్‌లో రహీం కాన్సరుతో కన్నుమూశాడు. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చేదాకా మన ఇళ్ళలోని పిల్లలు చాలామందికి ఆయన పేరే తెలియదు.

మరొక సంగతి. ఒడిశా ఎఫ్.సి.కి స్త్రీల జట్టు కూడా వున్నది. 2023-24లో ఆ జట్టు భారత మహిళా లీగు గెలిచింది. కోచ్ క్రిస్పిన్ ఛెత్రీ. ఆయన నియామకం మీద మా ఆఫీసులో ఒక్క కప్పు కాఫీ కూడా చల్లారలేదు. ఆ జట్టు ముందు వరుసలో ఆడిన ప్యారీ క్షాక్షా మన సుందర్‌గఢ్ జిల్లా అమ్మాయి. ఆ కోచే తర్వాత భారత మహిళల జట్టుకు కోచ్ అయ్యాడు. 2025 జూలైలో థాయిలాండును వారి గడ్డమీదనే 2-1తో ఓడించి ఆసియా కప్పుకు అర్హత తెచ్చాడు. కేకలు లేని చోట పని జరిగింది.

మన బరంపురానికి గురువుల విలువ తెలియక కాదు. ఇక్కడి వ్యాయామశాలలలో ఇనుము ఎత్తి పెరిగిన కె. రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో బంగారు పతకం తెచ్చాడు. బరువులెత్తే చోట గురువు చిన్నప్పుడే పిల్లవాణ్ణి పట్టుకుంటాడు. బంతికి ఆ ఏర్పాటు మనకు లేదు.

కనుక సమాజం కార్యవర్గానికి ఒక మనవి. ఏటా సంక్రాంతికి కుర్చీలాట, తాడులాగుడు పెడుతున్నారు, సంతోషం. ఈసారి పదీ పన్నెండేళ్ళ పిల్లలకు రహీం సాహెబు పద్ధతిలో ఎడమకాలి పోటీ ఒకటి పెట్టండి. వాటం ఎడమ అయినవాడికి కుడికాలు. ఆడపిల్లలకూ ప్రవేశం వుండాలి. బంతులు రెండు మా సెక్షన్ వారు కొనిస్తారు, చందా అప్పుడే పోగయింది. గీత దగ్గర నిలబడి, ఏ కాలితో తన్నారో చూసి ఈల వేయడానికి మా పెద్ద గుమాస్తాగారు ఒప్పుకున్నారు. ఆయన తీర్పుకు అప్పీలు లేదు.